సూపు తాగిన దయ్యం

మా అత్తగారు ఆస్ట్రేలియాలో మా ఊరు టూవూంబా వచ్చిన వారానికే నాకు తెలిసిపోయింది, ఈవిడకి ఈ ఊళ్ళో పొద్దు గడపడం నా చావుకొస్తుందని. తెనాల్లో ఉన్నప్పుడు ఏ సినిమా అయినా విడుదలైన వారంలోనే చూసెయ్యాలి ఆవిడ. ఆలస్యమైతే పక్కవాళ్ళు కథ చెప్పేస్తారని భయం. ముందే చూసొస్తే తను వాళ్ళకి చెప్పెయ్యొచ్చని సంబరం. అలాంటి మనిషిని తీసుకొచ్చి, సాయంత్రం కాగానే కొట్లతోపాటు మనుషులు కూడా మూతబడిపోయే ఊళ్ళో కూచోబెట్టాం.

ఎనభైలు వెళ్ళిపోయి తొంభైలు వస్తున్న రోజులవి. ఊరు మొత్తానికి తెలుగువాళ్ళంటే కొన్ని డాక్టర్ల కుటుంబాలు, యూనీలో, అంటే యూనివర్సిటీలో, లెక్కలు చెప్పే ఒకాయన, కోస్తా నుంచి వచ్చిన కొందరు నర్సులు. తెలుగు సినిమా చూడాలంటే కారేసుకుని బ్రిస్బేన్ వెళ్ళి, పప్పులూ మసాలాలూ అమ్మే కొట్లో కేసెట్టు అద్దెకి తెచ్చుకోవాలి. కాపీకి కాపీ తీసి, దానికి మళ్ళీ కాపీ తీసిన కేసెట్టు. మొహాలు ఆనవు. హీరో ఎవరో తెలియాలంటే పాట వచ్చేదాకా ఆగాలి. ఎవడు పాడితే వాడు హీరో.

మావారు ఆసుపత్రిలో మత్తు డాక్టరు. జనాన్ని నిద్రపుచ్చడం ఆయన ఉద్యోగం, తెర ముందు కూచుంటే తనే నిద్రపోవడం ఆయన అలవాటు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగులో తిడితే అర్థమవుతుంది, ఇంగ్లీషులో ఎదురు చెబుతుంది. ఇక అత్తగారికి మాట్లాడ్డానికి మిగిలింది నేనూ, పెరటి కంచె అవతలున్న ముసలాయనా.

ఆయన ఇంగ్లండు మనిషి. భార్య పోయింది, కూతురు బ్రిస్బేన్‌లో ఉంటుంది. ఆయన పెరట్లోని నిమ్మచెట్టు మా కంచె మీదకి వాలి ఉండేది. మా అత్తగారు దానికింద నిలబడి తెలుగులో తన మోకాళ్ళ నొప్పులు చెప్పుకునేది. ఆయన అవతల నిలబడి గులాబీలకి పట్టిన పురుగు గురించి ఇంగ్లీషులో చెప్పుకునేవాడు. ఎక్కడ తలూపాలో ఇద్దరికీ బాగా తెలుసు. నేను మధ్యలో దూరి అనువాదం చేస్తానంటే ఇద్దరికీ చిరాకే.

ఒకరోజు మాత్రం ఆవిడే నన్ను కేకేసింది. "ఏమ్మాయ్! ఈయన రిటైరు కాకముందు ఏం ఉజ్జోగం చేశాడో కనుక్కో. చేతులు చూస్తే కాయకష్టం చేసినట్టు లేవు."

అడిగాను. "సినిమాలకి డైరెక్షన్ చేసేవాణ్ణి. పెద్దగా చెప్పుకోదగ్గవి కావు," అన్నాడాయన.

మొదటి ముక్క తెలుగులో చెప్పానో లేదో, ఆవిడ గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. రెండో ముక్క వినిపించుకోనేలేదు. ఏమైందా అని నేను బిక్కమొహం వేసుకుని చూస్తుండగా మళ్ళీ బయటికొచ్చింది, జరీ అంచు చీర కట్టుకుని, జడ పైకి ముడేసుకుని. అప్పటిదాకా ఉతికి ఆరేసిన పాత నేత చీర మీద మావారి స్వెట్టరు తగిలించుకుని ఆయనతో కబుర్లు చెప్పిన మనిషే!

"డైరెక్టరంటే మాటలా? మా ఊరికి డైరెక్టరు వచ్చాడంటే స్టేషన్లో నిలబడ్డానికి చోటుండేది కాదు. ఇన్నాళ్ళబట్టీ పక్కింట్లో కాపరం ఉండి ఆ మాత్రం కనుక్కోలేదంటే నిన్నేమనాలి?" అని నన్నే కోప్పడింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. నాకు తోడికోడలు లేదు గానీ ఆ లోటు మా అమ్మాయి తీర్చింది.

ఇక ప్రశ్నలు. మొట్టమొదటిది: "మీ సినిమా ఎన్ని రోజులాడింది?"

"ఒక వారం," అన్నాడాయన. "రెండోవారం కూడా కొన్నాళ్ళు ఆడింది. హాలు మేనేజరు సెలవులో ఉండటం వల్ల తీసెయ్యమని చెప్పేవాళ్ళు లేక."

వంద రోజులకి తక్కువాడిన సినిమాని సినిమాగా లెక్కపెట్టని మనిషి మా అత్తగారు. కానీ డైరెక్టరు ఎదురుగా నిలబడి ఉన్నాడు కదా, మొహమాటపడింది. "పోన్లే, వానల్లో విడుదల చేసుంటారు," అంది.

ఆయన అసలు కథ మర్నాడు వాళ్ళ వరండాలో టీ తాగుతూ విన్నాను. అత్తగారు పక్కనే కూచుంది. నేను ఒక్కో ముక్కా తెలుగు చేసి అందిస్తున్నాను. చిన్నతనంలోనే స్టూడియోలో క్లాప్ బోర్డు కొట్టే పనిలో చేరాడట. అక్కణ్ణించి అసిస్టెంటు. తరవాత రెండు చిన్న క్రైమ్ సినిమాలు. పెద్ద సినిమాకి ముందు, జనం చీకట్లో సీట్లు వెతుక్కుంటుండగా వేసే రకం. వాటిని పూర్తిగా చూసినవాడు తను తప్ప ఇంకొకడు లేడన్నాడు. ఆ తరవాత ఒక నిర్మాత పిలిచి దయ్యాల సినిమా తియ్యమన్నాడు. అప్పటికే అక్కడ దయ్యాలన్నీ రంగుల్లోకి వచ్చేస్తున్నాయి. ఎర్రటి నెత్తురు కారితే చాలు, టికెట్లు తెగేవి. ఈయన మొండికేశాడు. నాకు నెత్తురక్కర్లేదు, చీకటి కావాలి, బ్లాక్ అండ్ వైట్‌లో తప్ప తియ్యనన్నాడు.

అది చెప్పగానే మా అత్తగారు, "మరి! దయ్యానికి రంగులెందుకు? రంగులేస్తే అదీ మన ఎదురింటావిడలాగే ఉంటది," అంది.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి ఆవిడ వైపు తిరిగాడు. "ఈవిడ మా నిర్మాత అయ్యుంటే నా బతుకు వేరేగా ఉండేది," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఇక్కణ్ణించి ఆవిడకి చెప్పకు. నువ్వు మాత్రం విను," అన్నాడు.

ఉప్పు బురద నేలల మధ్య ఒక పాత మేడ. అందులో ఒక ముసలి పెద్దమనిషి, ఆయన ఇద్దరు చెల్లెళ్ళు. ఇల్లు చూసుకోవడానికి కొత్తగా ఒకమ్మాయి చేరుతుంది. భోజనాల బల్ల మీద మనుషులకంటే ఒక పళ్ళెం ఎక్కువ పెట్టమంటారు రోజూ. ఎవరికని అడిగితే జవాబుండదు. ఎన్నో ఏళ్ళ క్రితం ఆ ఇంటి ఆఖరి పిల్లని, ఏదో తుంటరి పని చేసిందని పైగదిలో పెట్టి తాళం వేశారు. వేసి మరిచిపోయారు. ఆ పిల్ల తిండి లేక అక్కడే పోయింది. సినిమా సగంలో ఆ పిల్ల మెట్లు దిగి వచ్చి, ఖాళీ కుర్చీలో కూచుని, పళ్ళెంలో సూపు తాగుతుంది, జుర్రుమని చప్పుడు చేస్తూ.

"ఆ సీను కోసమే ఆ సినిమా తీశాను," అన్నాడు.

లండన్‌లో మొదటి ఆటకి పత్రికలవాళ్ళూ పెద్దవాళ్ళూ అంతా వచ్చారట. హాలు నిశ్శబ్దంగా ఉంది. పిల్ల కూచుంది. చెంచా ఎత్తింది. జుర్రుమంది. వెనక వరసలోంచి ఎవడో, "వెయిటర్, కాస్త ఉప్పు!" అని అరిచాడు. హాలు హాలంతా గొల్లుమంది. అలా మొదలైన నవ్వు చివరిదాకా ఆగలేదు. నాకు మొదట అర్థం కాలేదు, అందులో నవ్వేందుకు ఏముందని. ఆయనే వివరించాడు. వాళ్ళ దేశంలో సూపు చప్పుడు చేస్తూ తాగడమంటే మహాపరాధం. పిల్లల్ని బల్ల దగ్గరనించి లేపేస్తారు. దయ్యం వచ్చిందని ఎవరికీ భయం వెయ్యలేదు, దయ్యానికి మర్యాద తెలియదని నవ్వొచ్చింది.

మర్నాడు నిర్మాత ఆ సీను కొయ్యమన్నాడు. ఈయన కొయ్యనన్నాడు. అయితే నీకూ నాకూ చెల్లన్నాడు నిర్మాత. అంతే, ఆ సినిమాతో డైరెక్టరుగారి జాతకం తిరగబడింది. తరవాత పాట రాని గాయకుడితో ఒక పాటల సినిమా. సముద్రపొడ్డున జనం జారిపడే కామెడీ ఒకటి. కుక్కల బిస్కట్లకి యాడ్ తీస్తే, రోజంతా బతిమాలినా కుక్క ఆ బిస్కట్టు ముట్టలేదట. చివరికి ఒక సూపు కంపెనీవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, సూపు డైరెక్టరు మీరేగా అన్నారు.

"తీశారా?" అన్నాను నోరు వెళ్ళబెట్టి.

"తీశాను. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. చాలా మంచి యాడ్. ఎవరూ జుర్రలేదు."

ఆ తరవాత సంసారం ఎత్తుకుని ఆస్ట్రేలియా వచ్చేశాడు. బ్రిస్బేన్‌లో పిల్లల టీవీ కార్యక్రమం, గుడ్డతో చేసిన పోసమ్, అదే ఇక్కడి చెట్లెక్కే జంతువు బొమ్మ, పళ్ళు తోముకోమని చెబుతుంది. రిటైరయ్యేదాకా ఆ పోసమ్‌తోనే గడిచింది. చల్లగా ఉంటుందని ఈ కొండమీది ఊరికొచ్చి గులాబీలు పెంచుకుంటున్నాడు.

ఇప్పుడు, కాన్‌బెర్రాలో పాత సినిమాలు భద్రపరిచేవాళ్ళు ఫోను చేశారట. ఆ దయ్యాల సినిమా ప్రింటు ప్రపంచంలో ఇంకెక్కడా దొరకడం లేదు, మీ దగ్గరుంటే ఇవ్వండని. ఉంది. గరాజ్‌లో, రెండు రేకు డబ్బాల్లో. ఇస్తానన్నాడు. కానీ ఇచ్చేముందు సూపు సీను కోసి పారేస్తాడట. అందుకోసం ఫిల్మ్ అతికించే పాత సామానంతా కిందికి దించి పెట్టుకున్నాడు.

"నేను పోయాక కూడా జనం కూచుని నన్ను చూసి నవ్వడం నాకిష్టం లేదమ్మా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన, పరాయి మనిషి అని కూడా చూడలేదు. "పీకమీద కత్తి పెట్టి కొయ్యమన్నప్పుడు కొయ్యకుండా బతుకంతా పాడుచేసుకుని, ఇప్పుడు ఎవరూ అడక్కుండా మీ చేత్తో మీరే కోస్తారా? అయితే అప్పుడే కొయ్యాల్సింది! కనీసం ఆ కుక్క బాధ తప్పేది!" అనేశాను. ఆయన నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. టీపాట్ మూత సరిచేస్తూ కూచున్నాడు. అలా కూచుంటే చూడలేకపోయాను.

"ఏందంటా?" అంది మా అత్తగారు, మా మొహాలు మార్చి మార్చి చూస్తూ.

ఏం చెప్పను? "సినిమా కాన్‌బెర్రా పంపించేస్తున్నారట, అత్తయ్యా," అన్నాను.

"పంపేముందు మనకో ఆట వెయ్యమను. పక్కింట్లో డైరెక్టరుండి, ఆయన సినిమా చూడకుండా తెనాలి వెళితే నా మొహాన ఊస్తారు."

ఆయనకి చెప్పాను. వద్దన్నాడు. ఆవిడ చెంగు భుజంమీదికి లాక్కుని కదలకుండా కూచుంది. ఆయన ఆవిడ వంక చూశాడు, డబ్బాలున్న గరాజ్ వంక చూశాడు. "ఈవిడ పత్రికలేవీ చదవలేదు. ఇంగ్లీషు రాదు. సరే," అన్నాడు చివరికి. "మీవాళ్ళందర్నీ పిలు. ఆ సీను గురించి ఎవ్వరికీ ముందే చెప్పకు. ఒక్కళ్ళు నవ్వినా చాలు, సోమవారం కోసేస్తాను."

ఇక చూడండి నా అవస్థ. మావాళ్ళ సంగతి నాకు తెలియదా? చావు పరామర్శకి వెళ్ళి కూడా పకోడీ బాగుందనే జాతి. మా అమ్మాయి సంగతి సరేసరి, ప్రార్థన చేస్తున్నవాళ్ళని చూసినా కిసుక్కుమంటుంది. చెబుదామంటే మాటిచ్చాను. ఆ వారమంతా వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తూ తిరిగాను.

హాలు ఏర్పాటు చేసింది నర్సక్క. నరసాపురం ఆవిడ, మావారి ఆసుపత్రిలోనే పని. వాళ్ళ చర్చి వెనక హాలు ఆదివారం ఆర్వోలో, అంటే మధ్యాహ్నం పూట, ఖాళీగా ఉంటుంది. "పాస్టరు గారికి దయ్యం అని చెప్పలేదు చెల్లెమ్మా," అంది గుసగుసగా. "ఓల్డ్ ఇంగ్లీష్ పిక్చర్ అండి, వెరీ క్లీన్ అండి, నెత్తురు చుక్క కూడా ఉండదండి అన్నాను. నిజమేగా?"

నిజమే. కానీ క్వీన్స్‌లాండ్‌లో పట్టపగలు దయ్యాన్ని చూపించడం ఎంత కష్టమో ఆవేళ తెలిసింది. చలికాలమైనా ఎండ కిటికీల్లోంచి విరగబడి వస్తోంది. దుప్పట్లు కట్టాం, బొంతల్లాంటి డూనాలు కట్టాం, చాలక చీరలు కట్టాం. నా గులాబీరంగు చీరలోంచి వెలుగొచ్చి గది మొత్తం పెళ్ళిపందిరిలా తయారైంది. దానిమీద మావారి డ్రెస్సింగ్ గౌను వేసి మేకులు కొట్టాక గానీ చీకటి పడలేదు. ఇస్త్రీ చేసిన తెల్లదుప్పటి తెర. డైరెక్టరుగారు టై కట్టుకొచ్చాడు. ప్రొజెక్టరు ఎక్కడిదో తనే తెచ్చుకుని, అందరి వెనకా నిలబడి తనే రీలు ఎక్కించాడు. టై ముడి మాటిమాటికీ సరిచేసుకుంటున్నాడు. చూసి చూడనట్టు ఊరుకున్నాను.

మా అత్తగారు ముందు వరస మధ్యలో కూచుంది. పక్కన నేను, చెవిలో తెలుగు చెప్పడానికి. అటుపక్క మా అమ్మాయి, గిల్లడానికి వీలుగా. మావారు పేర్లు పడుతుండగానే నిద్రపోయారు.

సినిమా మొదలైంది. ఏం తీశాడండీ మహానుభావుడు! పొగమంచు, బురద, ఆ బురదలో పడుతూ లేస్తూ వచ్చే గుర్రబ్బండి. మేడలో పొడుగాటి నడవాలు, ఒక్క దీపం, ఆ దీపం ఎక్కడికి కదిలితే అక్కడే వెలుగు, మిగతాదంతా కాటుక. పైగదిలో తాళం పడి తిండి లేక పోయిన పిల్ల సంగతి తెరమీద వచ్చేదాకా అత్తగారి చెవిలో చెప్పి, ఆపైన నేను కథ చెప్పడం మానేసి చూస్తూ ఉండిపోయాను. అత్తగారికి కూడా నా అవసరం లేకపోయింది. తలుపు అవతల అడుగుల చప్పుడైతే ఆ కొత్తమ్మాయి గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యమాక! తియ్యమాకే తల్లీ!" అని అరిచింది మా అత్తగారు.

"తీస్తే చస్తావు!" అన్నారు వెనకనించి లెక్కల మాస్టారు, యూనీలో అంత పేరున్న మనిషి.

"యేసయ్యా, పిల్లకి బుద్ధివ్వు," అంది నర్సక్క.

అమ్మాయి తలుపు తీసింది. హాలంతా ఒక్కసారి "అయ్యయ్యో!" అంది. డైరెక్టరుగారు వెనకనించి వచ్చి, వంగి నా భుజం తట్టాడు. "ఎగతాళి చేస్తున్నారా?" అన్నాడు. మొహం పాలిపోయింది.

"లేదండీ, సలహా ఇస్తున్నారు."

"ఆమెకి వినిపించదుగా?"

"వినిపించదని వీళ్ళకీ తెలుసు. అయినా చూస్తూ ఊరుకోలేరు," అన్నాను. ఆయనకి అర్థమైనట్టు లేదు. ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

మొదటి రీలు అయిపోయింది. మేడమెట్ల పైన ఏదో తెల్లగా కదిలింది, అంతలో తెర ఖాళీ. ఒక్కటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చాలి. రెండు నిమిషాల పని, అందరూ కదలకుండా చీకట్లో కూచుంటారు, భయం పోదు, అని ఆయన లెక్క. పాపం, ఆయన లెక్క ఆయనది. ఠపీమని లైట్లు వెలిగాయి.

"ఇంటర్వెల్!" అంది నర్సక్క, స్విచ్చి దగ్గర నిలబడి.

సినిమా అన్నాక ఇంటర్వెల్ ఉండదని మాలో ఎవరికీ తట్టనే లేదు. నాకూ తట్టలేదు. పైగా పొద్దున్నించి మిరపకాయ బజ్జీలకి పిండి కలిపింది నేనే. వంటగది కిటికీ తెరుచుకుంది, మూకుడు పొయ్యి మీదకెక్కింది. జనం కుర్చీలు జరుపుకుని, ఒళ్ళు విరుచుకుని, పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్ళి, ప్లేట్లు పట్టుకుని ఎండలోకి వెళ్ళారు. ఎవరో ఇళ్ళ ధరలు మొదలుపెట్టారు. మావారు కూడా లేచారు, బజ్జీ వాసనకి.

డైరెక్టరుగారు రెండో రీలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నలభై నిమిషాలు," అన్నాడు నాతో. "నలభై నిమిషాలు ఒక్కో ఇటుకా పేర్చి భయం కట్టాను. ఇప్పుడు మీరు బయటికెళ్ళి మిరపకాయలు తింటున్నారు. నోట్లో మిరపకాయతో ఎవడైనా భయపడతాడా? తరవాత వచ్చేది ఆ సీను! లోపలికొచ్చి కూచోగానే ఆ సీను!"

నా ప్రాణం ఉసూరుమంది. రెండో రీల్లో అదే మొదటిసీను అని నాకేం తెలుసు? అంతలో మా అత్తగారు ప్లేటు పట్టుకుని వచ్చి, "డైరెక్టరుగారూ, తినండి, ఫస్టాఫ్ బ్రహ్మాండం," అని ఒక బజ్జీ ఆయన చేతిలో పెట్టింది. మర్యాదకి కొరికాడు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారలు కట్టాయి. అవి పూర్తిగా మిరపకాయ వల్లే అనుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. వెళ్ళి అందర్నీ గొడ్లని తోలినట్టు లోపలికి తోలాను.

లైట్లు ఆరాయి. జనం ఇంకా నములుతున్నారు. నేను మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దేవుడా, ఈ ఒక్క నిమిషం గట్టెక్కించు అని మొక్కుకున్నాను. చర్చి హాల్లో వెంకన్నకి మొక్కాను, ఎవరు వింటే వాళ్ళే.

ఆ పిల్ల మెట్లు దిగింది. పదేళ్ళుంటాయి. తెల్లగౌను, జుట్టు దువ్వుకోలేదు. ఎవరివంకా చూడలేదు. బల్ల దగ్గరికొచ్చి ఖాళీ కుర్చీ లాక్కుని కూచుంది. ముసలాయన, చెల్లెళ్ళు బిగుసుకుపోయారు. ఆ పిల్ల చెంచా తీసుకుంది. పళ్ళెంలోకి వంగింది.

జుర్రుమంది.

హాల్లో నమలడం ఆగిపోయింది. మా అమ్మాయి వైపు తిరిగాను, నవ్విందో గిల్లేద్దామని. కళ్ళు పెద్దవి చేసుకుని, "మమ్, వై డింట్ ఎనీవన్ ఫీడ్ హర్?" అంది. నర్సక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావారు మెలకువగా ఉన్నారు. ఆ పిల్ల మళ్ళీ జుర్రింది, మళ్ళీ. ఎంతకాలమైందో తిని, చెంచా పక్కన పడేసి పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుంది. ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరూ నవ్వలేదు.

ఎలా నవ్వుతారు? పోయినవాళ్ళకి ఆకలేస్తుందని మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఏటేటా తద్దినం పెట్టి, పెరట్లో పిండం ఉంచి, కాకి ఎప్పుడు వాలుతుందా అని ఆకాశం వంక చూస్తూ నిలబడతాం. కాకి ముట్టకపోతే పెద్దవాళ్ళకి ఏ కోపం వచ్చిందోనని ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. నర్సక్కవాళ్ళు అవన్నీ మానేశారు గానీ, ఆకలితో పోయిన పిల్ల అంటే ఆవిడకి మాత్రం తెలియదా? ఇక జుర్రడం సంగతంటారా, మా ఇంట్లో చారు అలా తాగకపోతే బాగాలేదా అని అడుగుతారు. మా అత్తగారి బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. "తాగమ్మా, తాగు, నిదానంగా తాగు," అంటోంది తెరవంక చూస్తూ.

అప్పుడు వెనకనించి నవ్వు వినిపించింది.

ఎవడు వాడు అని తిరిగి చూశాను. డైరెక్టరుగారు! ప్రొజెక్టరు పట్టుకుని నవ్వుతున్నాడు. మొదట చిన్నగా, తరవాత ఆపుకోలేక, పక్కలు పట్టుకుని. మేమెవ్వరం నవ్వడం లేదని ఆయనకి నవ్వొస్తోంది. ఇంతమంది, నోట్లో మిరపకాయలు పెట్టుకుని, ఆ పిల్ల కోసం ఏడుస్తున్నారని నవ్వొస్తోంది. నవ్వుతూ నవ్వుతూ మా వైపు నడిచొచ్చాడు.

మా అత్తగారికి అదంతా ఏం తెలుసు? గిరుక్కున తిరిగింది. డైరెక్టరు, గౌరవం, జరీ చీర, అన్నీ గాలికి పోయాయి.

"ఏందయ్యా, నీకు బుద్ధుందా? పసిపిల్ల ఆకలితో చచ్చి, కూటికోసం మెట్లు దిగొస్తే నవ్వులాటగా ఉందా? అంత పెద్ద వయసొచ్చింది, ఏడవటం రాకపోతే నోరు మూసుకు కూచో!"

హాలంతా గతుక్కుమంది. ఆయన నవ్వు టక్కున ఆగిపోయింది. "ఏమంటోంది?" అన్నాడు నాతో.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఇందులో నవ్వేందుకేముంది, నోరు మూసుకు కూచోమంటోందని.

ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇంకోసారి అనమను," అన్నాడు.

"అత్తయ్యా, ఇంకోసారి అనమంటున్నారు."

"చెవుడా?" అంది ఆవిడ, కానీ అంది. ఒక మాట రెండోసారి చెప్పమంటే ఇంకో నాలుగు కలిపి చెప్పే అలవాటు మా అత్తగారికి. కలిపి చెప్పింది. ఆయన నడిమధ్యన నిలబడి, ప్రతి మాటకీ తలూపుతూ, ఏడుస్తూ విన్నాడు. నాకూ ఏడుపొచ్చేసింది.

"ఆవిడకి చెప్పు," అన్నాడు చివరికి, "ఒక్క ముక్క కూడా కొయ్యను. ఉన్నదున్నట్టే పంపిస్తాను."

చెప్పాను.

"పంపిస్తే పంపించుకోమను," అంది మా అత్తగారు, మెడ సాచి అటూ ఇటూ వంగి చూస్తూ. "ముందు ఆ లైటుకి అడ్డం తప్పుకోమను. పిల్ల కడుపు నిండిందో లేదో కనపడి చావటంలా."